తుంటి, మోకాలి కీళ్ళ మార్పిడిలో ఫెలోషిప్: గోదావరి డెల్టాకు తిరిగి వచ్చి పని చేయదలచిన వారికి

కాకినాడలోనో, రాజానగరంలోనో, అమలాపురంలోనో, ఏలూరులోనో ఎం.ఎస్. ఆర్థోపెడిక్స్ చివరి ఏడాదికి చేరిన పీజీలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: కీళ్ళ మార్పిడిలో ఫెలోషిప్ (పీజీ తరువాతి ప్రత్యేక శిక్షణ) ఎక్కడ చేస్తే మంచిది? దీనికి ఏదో ఒక ఆసుపత్రి పేరు చెప్పి పంపించడం తేలికే గానీ, దానివల్ల ఒరిగేది తక్కువ. ఫెలోషిప్ ముగిశాక ఎక్కడ కూర్చుని, ఎటువంటి రోగులకు, ఎటువంటి థియేటర్లో ఆపరేషన్ చేయబోతున్నారన్నది ముందు తేల్చుకోవాలి. హైదరాబాదులో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి బృందంలో ఒకరిగా స్థిరపడేవారికి సరిపోయే శిక్షణ, భీమవరంలోనో తణుకులోనో రామచంద్రపురంలోనో సొంతంగా కత్తి పట్టవలసినవారికి చాలదు. ఈ వ్యాసం ఆ రెండో కోవవారిని ఉద్దేశించినది.

మన రోగులు ఎటువంటివారు

డెల్టాలో మోకాలి అరుగుదలతో వచ్చేవారు తొలిదశలో రావడం అరుదు. "గుజ్జు అరిగిపోయిందన్నారండీ" అంటూ అంచులు నలిగిన పాత ఎక్స్‌రే కవరుతో వస్తారు. ఈలోగా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర కీలులోకి ఎన్ని సూదులు వేయించుకున్నారో వారికే గుర్తుండదు. కాళ్ళు దొడ్డికాళ్ళుగా వంగిపోయి, మోకాలు పూర్తిగా చాపలేక, టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) లోపలివైపు అరిగి గుంట పడిన తరువాత గానీ ఆపరేషన్‌కు మనసు కుదుర్చుకోరు. అప్పుడు కూడా సార్వా కోతలు అయ్యాకనో, సంక్రాంతికి పిల్లలు ఊరికి వచ్చి వెళ్ళాకనో తేదీ అడుగుతారు. కాబట్టి మామూలు మోకాలు ఎంత వేగంగా మార్చవచ్చో చూపించే చోటు కంటే, వంకర బాగా ముదిరిన మోకాలిని ఓపికగా సరిచేయడం నేర్పే చోటు మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

సూదుల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. కీలులోకి స్టెరాయిడ్ ఎక్కించిన మూడు నెలల లోపు కీలు మార్పిడి చేస్తే చీము పట్టే ప్రమాదం పెరుగుతుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. నగర ఆసుపత్రుల్లో ఆ సమాచారం కేస్ షీటులో రాసి ఉంటుంది. మన దగ్గర దానిని రోగి నోటి నుంచి రాబట్టాలి. "ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నారా" అని అడిగితే లేదంటారు, "మోకాలి చిప్ప పక్కన సూది గుచ్చారా, మందు తెల్లగా ఉందా" అని అడిగితే అవునంటారు. తేదీ తెలియనప్పుడు ఆపరేషన్ మూడు నెలలు వాయిదా వేయడమే ఉత్తమం. ఇటువంటి వాయిదాను రోగి బంధువులకు నచ్చజెప్పే పద్ధతిని కూడా శిక్షణలో భాగంగానే చూడాలి.

రెండోది బోదకాలు. గోదావరి జిల్లాల తీరప్రాంతం చాలా కాలంగా ఫైలేరియా ఉన్న ప్రాంతం. వాపు నిలిచిపోయిన కాలికి మోకాలి మార్పిడి చేస్తే గాయం ఆలస్యంగా మానుతుంది, ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. పరీక్ష చేసేటప్పుడు చీలమండ దగ్గర వేలితో నొక్కి గుంట పడుతోందో లేదో చూడడంతో సరిపెట్టకుండా, కాలి వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి సందుల్లో చూడాలి. వరి మడిలోనూ రొయ్యల చెరువు గట్టు మీదా రోజంతా తడిలో ఉండేవారికి నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, కింద సన్నని పగులు ఉంటుంది. రోగికి అది ఒక జబ్బుగా అనిపించదు, అడిగినా చెప్పరు. సూక్ష్మక్రిములు లోపలికి పోయే ద్వారం మాత్రం అదే. దానికి మందు వాడించి, చర్మం పొడిబారిందని కళ్ళతో చూశాక గానీ తేదీ ఇవ్వకూడదు. పెద్ద నగరాల ఫెలోషిప్‌లో ఈ పరీక్షను ఎవరూ నేర్పకపోవచ్చు. ఇది మీరు ఇక్కడి నుంచి అక్కడికి తీసుకువెళ్ళవలసిన అలవాటు.

తుంటి విషయంలో మన చిత్రం వేరు. జిల్లా స్థాయిలో జరిగే తుంటి పనిలో అధికభాగం, జారిపడి తొడ ఎముక మెడ విరిగిన వృద్ధులకు వేసే బైపోలార్ వంటి సగం కీలు మార్పిడులే. పూర్తి తుంటి మార్పిడికి వచ్చేవారిలో, తొడ ఎముక తలకు రక్తప్రసరణ తగ్గి అది కుంగిపోయిన నడివయసువారు ఎక్కువగా కనిపిస్తారు. స్టెరాయిడ్ వాడకం, మద్యం దీనికి ప్రధాన కారణాలు. పైన రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు ఏజెన్సీ నుంచి దిగివచ్చే గిరిజన యువతలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) వల్ల తుంటి పాడైనవారు ఉంటారు. ఈ సికిల్ సెల్ తుంటి తేలిక కేసు కాదు. తొడ ఎముక లోపలి గొట్టం గట్టిపడి మూసుకుపోయి ఉండవచ్చు, గొట్టాన్ని తొలిచే రీమర్ పక్కదారి పట్టి ఎముక చిల్లు పడవచ్చు, ఇన్ఫెక్షన్ ముప్పు మామూలు రోగి కంటే ఎక్కువ. థియేటర్లో చలి తగలకుండా, నీటి శాతం, ఆక్సిజన్ తగ్గకుండా మత్తు వైద్యుడితో కలిసి ముందే పథకం వేసుకోవాలి. మీరు చేరబోయే చోట ఇటువంటి తుంటి కేసులు వస్తాయా అని అడిగి తెలుసుకోండి. మోకాళ్ళు మాత్రమే గుట్టలుగా జరిగే చోట ఏడాది గడిపినా తుంటిలో చేయి తిరగదు.

ఫెలోషిప్‌లలో రకాలు

మన దేశంలో స్థూలంగా మూడు దారులున్నాయి. మొదటిది జాతీయ వైద్య పరీక్షల బోర్డు ఎన్.బి.ఇ.ఎం.ఎస్. నిర్వహించే ఎఫ్.ఎన్.బి. (జాతీయ బోర్డు ఫెలోషిప్) ఆర్థ్రోప్లాస్టీ, అంటే కీళ్ళ మార్పిడి. దీనికి ఎం.ఎస్. లేదా డి.ఎన్.బి. ఆర్థోపెడిక్స్ పూర్తిచేసినవారు ఫెలోషిప్ ప్రవేశ పరీక్ష రాసి, ర్యాంకు ప్రకారం కౌన్సెలింగులో సీటు ఎంచుకోవాలి. కాలవ్యవధి రెండేళ్ళు, చివర పరీక్ష ఉంటుంది. కాలం ఎక్కువే గానీ, లాగ్‌బుక్, పాఠ్యప్రణాళిక, పరీక్ష ఉండడం వల్ల శిక్షణ ఆసుపత్రి దయమీద పూర్తిగా ఆధారపడి ఉండదు. చేరి మధ్యలో మానేస్తే మళ్ళీ రాయడానికి ఆంక్షలుంటాయి కనుక, కౌన్సెలింగుకు ముందే ఆసుపత్రుల గురించి ఆరా తీయాలి.

రెండోది విశ్వవిద్యాలయాల ద్వారా, వృత్తి సంఘాల ద్వారా దొరికే ఫెలోషిప్‌లు. కర్ణాటకలో రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, మహారాష్ట్ర ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం గుర్తించిన కేంద్రాల్లో ఇటువంటివి నడుస్తున్నాయి. మూడోది ఆసుపత్రులు స్వయంగా ఇచ్చే ఆరు నెలల, ఏడాది ఫెలోషిప్‌లు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, ముంబయి, కోయంబత్తూరు వంటి నగరాల్లో ఇవే ఎక్కువ, మనవారు ఎక్కువగా చేరేదీ వీటిలోనే. వీటి నాణ్యత ఆ ఆసుపత్రిలోని సర్జన్ స్వభావాన్ని బట్టి ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడాగా ఉంటుంది. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం మెడికల్ కౌన్సిల్‌లో నమోదయ్యే డిగ్రీ కాదన్నది మరవకూడదు. బోర్డు మీద దానిని డిగ్రీగా భ్రమపడేలా రాయించుకోవడం తప్పు.

విదేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో చేతితో ఆపరేషన్ చేసే ఫెలోషిప్ కావాలంటే అక్కడి వైద్య మండలి జి.ఎం.సి.లో నమోదు తప్పనిసరి, ఆంగ్ల పరీక్షగా ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లేదా ఓ.ఇ.టి. రాయాలి, మెడికల్ ట్రైనింగ్ ఇనీషియేటివ్ అనే శిక్షణ పథకం ద్వారా గరిష్ఠంగా రెండేళ్ళ వరకు ఉండవచ్చు. జాన్ చార్న్‌లీ 1962లో ఆధునిక సిమెంటెడ్ (ఎముక సిమెంటుతో అతికించే) తుంటి మార్పిడికి రూపమిచ్చిన రైటింగ్టన్ వంటి ఆసుపత్రులు అక్కడే ఉన్నందున, తుంటి మీద మక్కువ ఉన్నవారికి ఆ దారి మంచిది. అమెరికాలో లైసెన్సు లేకుండా వెళితే చూడడమే తప్ప చేయడం ఉండదు. జర్మనీలో హాంబర్గ్‌లోని ఎండో క్లినిక్ చీము పట్టిన కీళ్ళను ఒకే ఆపరేషన్‌లో తీసి మార్చే పద్ధతికి ప్రసిద్ధి. అక్కడ కొద్ది వారాలు చూసి రావడం కూడా లాభమే గానీ, తొలి ఫెలోషిప్‌గా అది పనికిరాదు. ముందు ఇక్కడ చేయి తిరిగాక, చూసింది అర్థమయ్యే స్థితిలో వెళ్ళాలి.

ఆసుపత్రిని ఎలా పరిశీలించాలి

దరఖాస్తుకు ముందు రెండు మూడు రోజులు సెలవు పెట్టి వెళ్ళి, అనుమతి తీసుకుని థియేటర్లో ఒక మూల నిలబడి చూడండి. ఏడాది జీవితాన్ని పెట్టబోతున్నప్పుడు గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్టు ఖర్చుకు వెనకాడడం అర్థం లేని పొదుపు. చూడవలసింది సర్జన్ చేతి వేగాన్ని కాదు, ఫెలో ఎక్కడ నిలబడ్డాడన్నది. ఆపరేషన్ చేసే వైపు నిలబడ్డాడా, ఎదురుగా రిట్రాక్టర్ (గాయాన్ని తెరిచి ఉంచే పరికరం) పట్టుకుని నిలబడ్డాడా? రోజంతా రిట్రాక్టర్ పట్టి, చివర కుట్లు వేసి, మధ్యాహ్నం డిశ్చార్జ్ కాగితాలు రాస్తున్నాడంటే, అక్కడ వారికి కావలసింది ఫెలో కాదు, చవకగా దొరికే రెసిడెంట్.

పాత ఫెలోలతో మాట్లాడడం అన్నిటికంటే ముఖ్యం. "సార్ కేసులు ఇస్తారా?" అని మన పీజీలు అడిగే ప్రశ్నను ఇంకొంచెం విప్పి అడగాలి. ఏ నెల నుంచి ఇస్తారు? ఒక్కో అంచె విడిగా ఇస్తారా, మొదటి నుంచి చివరి దాకా ఇస్తారా? ఇచ్చినప్పుడు ఆయన ఎదురుగా స్క్రబ్ అయి (చేతులు కడిగి గౌను, గ్లోవులు వేసుకుని) ఉంటారా, పక్క థియేటర్లో ఉంటారా? రోగికి ఆ సంగతి తెలిసి, సమ్మతి ఉంటుందా? ఓపీలో ఫెలోకు స్థానం ఉందా? రివిజన్ (వేసిన కీలును తిరిగి మార్చే) కేసులు నెలకు కనీసం కొన్నైనా వస్తాయా? "మేము ఏడాదికి వేలల్లో చేస్తాం" అనే జవాబు వినసొంపుగా ఉంటుంది గానీ, ఆ వేలల్లో ఫెలో చేతికి ఎన్ని వస్తాయన్నది వేరే లెక్క. నలుగురు ఫెలోలున్న పెద్ద కేంద్రం కంటే, ఒకే ఫెలో ఉన్న మధ్యరకం కేంద్రమే మేలైన సందర్భాలు చాలా ఉన్నాయి.

నాకు తెలిసిన ఒక యువ డాక్టరు నగరంలో చాలా పేరున్న చోట ఏడాది చేసి వచ్చాడు. ధ్రువపత్రం పెద్ద అక్షరాలతో ఉంది, లాగ్‌బుక్‌లో సంఖ్యలూ పెద్దవే, కానీ అన్నిటి ఎదురుగా "అసిస్టెడ్" అనే ఉంది. తరువాత ఇంకో ఊళ్ళో, పెద్దగా పేరులేని చోట ఆరు నెలలు చేసి చేయి తిప్పుకున్నాడు. వరుస తిరగేసి ఉంటే ఏడాది మిగిలేది.

స్టైపెండ్, వసతి, సెలవులు, వృత్తిపరమైన బీమా ఎవరు భరిస్తారన్నవి కాగితం మీద అడిగి తీసుకోవాలి. పీజీ తరువాతి నిర్బంధ ప్రభుత్వ సేవ బాకీ ఉంటే దాని తేదీలతో ఫెలోషిప్ తేదీలు ఢీకొనకుండా చూసుకోవాలి.

చేరకముందు

ఫెలోషిప్‌లో తొలి రోజే కేసు చేతికి రావాలంటే మీకు అప్పటికే కొన్ని పనులు చేతికి వచ్చి ఉండాలి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి చోట సీనియర్ రెసిడెంట్‌గా ఒక ఏడాది పనిచేసినవారికి ఇక్కడ పెద్ద ఆధిక్యం ఉంటుంది. ఎందుకంటే బైపోలార్ కేసులు అక్కడ విరివిగా దొరుకుతాయి. తుంటి వెనుక నుంచి వెళ్ళే దారిని ఆ కేసుల్లోనే నేర్చుకోవాలి: పొట్టి రొటేటర్ కండరాలను ఎముక దగ్గర విడదీసి గుర్తుగా కుట్టు వేయడం, సయాటిక్ నరం ఎక్కడుందో వేలితో తడిమి కాపాడడం, చివర ఆ కండరాలను తిరిగి ఎముకకు కుట్టడం. ఈ మూడూ చేతికి వస్తే పూర్తి తుంటి మార్పిడిలో సగం దూరం నడిచినట్టే. మోకాలికి అటువంటి మెట్టు తక్కువ కాబట్టి, ప్లాస్టిక్ ఎముకల మీద, శవాల మీద జరిగే వర్క్‌షాపులకు వెళ్ళండి. కీళ్ళ మార్పిడి శిక్షణ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ ఏఓ రీకాన్ వారి ప్రాథమిక కోర్సు ఇందుకు బాగుంటుంది.

పీజీ థీసిస్ అంశాన్ని కీళ్ళ మార్పిడిలో ఎంచుకోగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అయితే ఇంటర్వ్యూలో చాలా చోట్ల అడిగేది థీసిస్ గురించి కాదు. ఒక ఎక్స్‌రే చేతికిచ్చి "ఇది ఎలా చేస్తావు, ఏది చెడిపోవచ్చు" అని అడుగుతారు. రెండో సగానికి జవాబు చెప్పగలిగినవాడికి సీటు దక్కుతుంది.

థియేటర్లో

ముందురోజు రాత్రి మరుసటి రోజు కేసుల ఎక్స్‌రేలు మీరే చూసి, మీ పథకం మీరే రాసుకోవాలి: తొడ ఎముకను ఎన్ని డిగ్రీల వాల్గస్‌లో (బయటికి వాలిన కోణంలో) కోయాలి, టిబియా ఎంత కోయాలి, ఏ సైజు పడుతుంది, ఎముక లోటు ఉంటే దేనితో నింపాలి. ఉదయం సర్జన్ చేసినదానితో పోల్చుకుని, తేడా వచ్చిన చోట కారణం అడగాలి. సాయంత్రం ఆపరేషన్ తరువాతి ఎక్స్‌రేతో మరోసారి పోల్చాలి. ఈ నోట్‌బుక్ ఏడాది చివరికి ఏ ధ్రువపత్రం కంటే విలువైనదవుతుంది. లాగ్‌బుక్‌లో ప్రతి కేసు ఎదుట చూశానా, సాయపడ్డానా, గురువు ఎదురుగా ఉండగా చేశానా, గురువు గదిలో ఉండగా స్క్రబ్ కాకుండా ఉన్నప్పుడు చేశానా అని నిజాయితీగా రాసుకోండి.

మోకాలిలో మొదట నేర్వవలసింది కోతలు కాదు, ఖాళీలు. మోకాలు చాపినప్పుడు తొడ ఎముకకూ టిబియాకూ మధ్య ఏర్పడే ఖాళీ, తొంభై డిగ్రీలు వంచినప్పుడు ఏర్పడే ఖాళీ సమానంగా, నలుచదరంగా రావాలి. రెండుచోట్లా బిగుతుగా ఉంటే టిబియాను మరికొంత కోయాలి. చాపినప్పుడే బిగుతైతే తొడ ఎముక కింది కొసను మరికొంత కోయడమో, వెనుక క్యాప్సూల్‌ను (కీలు చుట్టూ ఉండే పొరను) వదులు చేయడమో చేయాలి. వంచినప్పుడే బిగుతైతే తొడ భాగం సైజు తగ్గించడం గురించి ఆలోచించాలి. ఇది పుస్తకంలో ఒక పట్టిక. చేతిలో మాత్రం అది ఖాళీని కొలిచే స్పేసర్ బ్లాక్ పెట్టి, ఎడమ అరచేయి తొడ కింద ఉంచి, కుడి చేత్తో కాలును లోపలికీ బయటికీ నెట్టినప్పుడు వేళ్ళకు తెలిసే ఒకటి రెండు మిల్లీమీటర్ల కదలిక. ఆ స్పర్శ పది మందిలో ఒకరికి చూపించి మిగతావారిని వెనక్కి నిలబెట్టే చోట నేర్చుకోలేరు. గురువు చేతులు తీశాక వెంటనే మీ చేతులు పెట్టనివ్వాలి. మన రోగుల ముదిరిన వంకరలో తొందరపడి లోపలి లిగమెంట్‌ను (ఎముకలను కలిపి ఉంచే పట్టీని) విడదీసే ముందు, అంచుల్లో పెరిగిన ఎముక ముళ్ళను పూర్తిగా తీయాలి. ముళ్ళు తీయడంతోనే చాలా మోకాళ్ళు సగం నిటారుగా వస్తాయి. ఆ ఓపిక లేక లిగమెంట్ తెగితే అప్పటికప్పుడు దొరకని ఖరీదైన ఇంప్లాంట్ (కృత్రిమ కీలు) కావలసి వస్తుంది.

తుంటిలో కప్పు (తుంటి గుంటలో కూర్చోబెట్టే కృత్రిమ భాగం) ఎంత వాలులో, ఎంత ముందుకు తిరిగి కూర్చోవాలన్నది ముఖ్యం. 1978లో లూయినెక్, ఆయన సహచరులు సూచించిన హద్దులు, అంటే వాలు 40 డిగ్రీలకు అటూ ఇటూ 10, ముందుకు తిరగడం 15 డిగ్రీలకు అటూ ఇటూ 10, ఇప్పటికీ అందరూ వల్లించేవే. కానీ ఆ హద్దుల్లో ఉన్న తుంటి కూడా కీలు జారి తప్పుతుందని, నడుము వెన్ను బిగిసిన రోగిలో లెక్క మారుతుందని ఇప్పుడు బాగా తెలుసు. కాబట్టి కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన పక్క ఎక్స్‌రేలు చదవడం నేర్పే చోటు దొరికితే అదృష్టం.

సిమెంటు గురించి ఒక మాట, ఎందుకంటే ఇది మన వేసవికి సంబంధించినది. నగరంలో థియేటర్ ఇరవై డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది, సిమెంటు ఎప్పుడు పాకానికి వస్తుందో గడియారం చూసి చెప్పేస్తారు. మే నెలలో మన ఊళ్ళో కరెంటు పోయి జనరేటర్ మీద ఏసీ సరిగా లాగనప్పుడు అదే సిమెంటు చాలా ముందుగా గట్టిపడుతుంది. గడియారాన్ని నమ్ముకున్నవాడు ఇంప్లాంట్‌ను సగం లోపలికి నెట్టేసరికి చిక్కుకుంటాడు. అందుకని ఫెలోషిప్‌లో ఉండగానే సిమెంటును చేతితో తెలుసుకోవడం అలవాటు చేసుకోండి: గ్లోవుకు తీగలు సాగుతూ అంటుకున్నంత సేపు ఆగాలి, వేలితో తాకితే అంటకుండా, మెత్తగా మడతపడుతున్నప్పుడు ఎముకలోకి ఎక్కించాలి. వేసవిలో పొడి, ద్రవం రెండింటినీ ముందుగా ఫ్రిజ్‌లో ఉంచితే కొంత సమయం కలిసొస్తుంది. ఎముక గొట్టంలోకి సిమెంటు ఒత్తిడితో వెళ్ళే క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు కనుక, "సిమెంటు వేస్తున్నాం" అని మత్తు వైద్యుడికి గొంతెత్తి చెప్పడం కూడా ఈ అలవాటులో భాగమే.

రోబో గురించి అందరూ అడుగుతారు. ఉన్న చోట నేర్చుకోండి. కోతలో కచ్చితత్వం పెరుగుతుందన్నది నిజం. కానీ యంత్రం మాత్రమే వాడే చోట తొలి శిక్షణ తీసుకోవద్దని నా అభిప్రాయం. మన పట్టణాల్లో మరికొన్నేళ్ళు జిగ్‌లతోనే (కోతకు దారి చూపే చేతి పరికరాలతోనే) పని నడవాలి, యంత్రం మధ్యలో ఆగిపోతే కేసు పూర్తిచేయవలసింది చేతులే.

చీము, రివిజన్

కీలు మార్పిడి జీవితాన్ని నిద్రలేకుండా చేసేది ఇన్ఫెక్షన్. మంచి కేంద్రాల్లోనూ తొలి మార్పిడుల్లో ఒకటి రెండు శాతం మందిలో ఇది వస్తుంది. అంటే మీరు ఎంత జాగ్రత్తగా చేసినా మీకూ వస్తుంది. ఆరు నెలల పాటు ఒక్క చీము కేసు చూడకుండా ఫెలోషిప్ ముగిస్తే, కారడం మొదలైన మొదటి గాయం ముందు మీరు చేసేది యాంటీబయాటిక్ రాసి వారం ఎదురుచూడడం. ఆ వారమే కీలును పోగొడుతుంది. తొలి వారాల్లో వచ్చిన ఇన్ఫెక్షన్‌ను తెరిచి, పూర్తిగా శుభ్రం చేసి, కదిలే ప్లాస్టిక్ భాగాన్ని మార్చి ఇంప్లాంట్‌ను నిలబెట్టుకునే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే అంతా తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, కొన్ని నెలల తరువాత మళ్ళీ వేయాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే కీలు నీరు తీసి పరీక్షకు పంపాలన్న క్రమశిక్షణ, కనీసం అయిదు చోట్ల నుంచి కణజాలం తీసి పంపడం, నమూనా ఎంతసేపట్లో ల్యాబుకు చేరాలన్న పట్టింపు: ఇవన్నీ చూసి చూసి ఒంట పట్టించుకోవలసినవి.

రివిజన్‌లో మీరు ఏడాదిలో నిపుణులు కారు, కావలసిన అవసరమూ లేదు. ఎముక లోటును పాప్రోస్కీ పద్ధతిలో, ఇంప్లాంట్ చుట్టూ విరిగిన ఎముకను వాంకూవర్ పద్ధతిలో వర్గీకరించి, ఇది నేను చేయగలిగినది, ఇది పంపవలసినది అని గీత గీసుకోగలిగితే చాలు. పాత బైపోలార్ వదులై పూర్తి తుంటిగా మార్చవలసిన కేసులు, స్క్రూ ప్లేటు విఫలమై తుంటి మార్చవలసిన కేసులు మన దగ్గర తప్పక వస్తాయి; ఆ రెండింటిని మాత్రం పట్టుబట్టి నేర్చుకు రండి.

తిరిగి వచ్చాక

మొదటి కేసులను ఎంచుకోవడంలో మొహమాటం పనికిరాదు. బరువు తక్కువ, వంకర తక్కువ, చక్కెర అదుపులో ఉన్న మోకాళ్ళతో మొదలుపెట్టాలి. వేలు విడిచిన మేనమామ అడిగాడని బాగా ముదిరిన వంకర మోకాలిని తొలి కేసుగా తీసుకోకూడదు. ఖర్చు, సాయం ఉండేవారు కలిసి వస్తారని రెండు మోకాళ్ళూ ఒకేసారి చేయమని ఇక్కడ చాలామంది అడుగుతారు. గుండె, ఊపిరితిత్తులు బాగున్న, వయసు మరీ పైబడని వారికే అది సరి; మిగతావారికి విడివిడిగా చేయాలని చెప్పి నిలబడాలి.

ఇంప్లాంట్ సెట్లు విజయవాడ నుంచో విశాఖ నుంచో కంపెనీ ప్రతినిధి వాహనంలో వస్తాయి. ముందురోజు సాయంత్రానికి అందేలా చూసుకుని, స్టెరిలైజేషన్‌కు పంపే ముందు ప్రతి ట్రే మీరే తెరిచి చూడాలి. మన స్త్రీల మోకాళ్ళకు చిన్న సైజులు ఎక్కువగా పడతాయి, అవే తరచుగా లోపించి ఉంటాయి. ఎముకలోకి దిగే పొడవు స్టెమ్, ఎముక లోటు నింపే భాగాలు, లిగమెంట్ తెగితే వాడే ఇంప్లాంట్ పెట్టెలో ఉన్నాయో లేదో చూడాలి. 2017 ఆగస్టులో కేంద్ర ఔషధ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర విధించి, కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాక 54,720 రూపాయలుగా నిర్ణయించినప్పటి నుంచి రోగులు బిల్లును జాగ్రత్తగా చూస్తున్నారు. ఇంప్లాంట్ ధర, ఆసుపత్రి ఖర్చు విడివిడిగా ముందే రాసి ఇవ్వడం మంచిది.

రోగి అడిగే ప్రశ్నలకు ఫెలోషిప్‌లోనే జవాబులు సిద్ధం చేసుకోండి. "బాబూ, పీట మీద కూర్చుని పూజ చేసుకోవచ్చా?" అని పెద్దావిడ అడిగితే, "మామ్మగారూ, కుర్చీ వేసుకుని చేసుకోండి, కింద కూర్చోవడం మానేయండి" అని సూటిగా చెప్పాలి. "ఎన్నేళ్ళు పనిచేస్తుంది?" అన్నదానికి జాతీయ రిజిస్ట్రీల ఆధారంగా 2019లో వచ్చిన విశ్లేషణ మోకాలి మార్పిడుల్లో సుమారు 82 శాతం, తుంటి మార్పిడుల్లో సుమారు 58 శాతం పాతికేళ్ళు నిలుస్తాయని చెప్పింది. అవి కుర్చీల మీద కూర్చునే దేశాల లెక్కలన్న మాట కూడా జతచేయాలి. ఇంటికి వెళ్ళేలోగా పాశ్చాత్య మరుగుదొడ్డి గానీ, కమోడ్ కుర్చీ గానీ అమర్చారో లేదో కనుక్కోవాలి. లంక గ్రామాల నుంచి పంటు దాటి వచ్చే రోగికి రోజూ ఫిజియోథెరపీకి రమ్మనడం కుదిరే పని కాదు. మడమ కింద చుట్టిన దుప్పటి పెట్టి మోకాలు కిందికి నొక్కడం, మంచం అంచున కూర్చుని వంచడం వార్డులోనే ఇంటి మనిషికి నేర్పి, వారు చేసి చూపించాకే పంపాలి.

ఆరు వారాలకు, మూడు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఎక్స్‌రే తీసి, నొప్పి, కీలు పనితీరు కొలిచే ఆక్స్‌ఫర్డ్ స్కోరులోని పన్నెండు ప్రశ్నలు తెలుగులో నోటితో అడిగి రాసుకోండి. పిల్లల దగ్గరికి హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోయే పెద్దవారు చాలామంది ఉంటారు కనుక, రోగి ఫోనుతో పాటు ఒక కొడుకుదో కూతురిదో నంబరు రిజిస్టరులో ఉండాలి. ఇంప్లాంట్ పెట్టెతో వచ్చే స్టిక్కర్లను ఒకటి కేస్ షీటులో, ఒకటి మీ రిజిస్టరులో, ఒకటి రోగి చేతికిచ్చే డిశ్చార్జ్ కాగితం మీద అంటించండి. పదిహేనేళ్ళ తరువాత ఆ కీలును ఇంకెవరైనా తెరవవలసి వస్తే, ఏ కంపెనీ, ఏ సైజు, ఏ బ్యాచ్ అన్నది వారికి ఆ కాగితం వల్లే తెలుస్తుంది.